90 నంబరా, 140 నంబరా: డిఫరెన్షియల్‌లో పోసే గేర్ ఆయిల్ వెనకున్న లెక్క

కొత్త బీఎస్-6 పికప్ కొన్న ఓనరు మాన్యువల్ తెరిచి చూపిస్తాడు. వెనక యాక్సిల్‌కి 75డబ్ల్యూ-90 అనో, 80డబ్ల్యూ-90 అనో అందులో ఉంటుంది. ఏళ్ల తరబడి లారీల కింద పడుకుని పనిచేసిన మేస్త్రి ఆ కాగితాన్ని పెద్దగా పట్టించుకోడు. “పుస్తకంలో అలగే రాస్తారు బాబూ. లోడు బండికి 140 నంబరే పొయ్యాల” అంటాడు. ఆయిల్ షాపతను “జీఎల్-5 తీసుకోండి, జీఎల్-4 కన్నా అది పై రకం” అని ఇంకో మాట కలుపుతాడు. సాలూరు నుంచి ఇచ్ఛాపురం దాకా ఏ షెడ్డు దగ్గర నిలబడినా ఎప్పుడో ఒకప్పుడు చెవిన పడే సంభాషణే ఇది.

ఈ ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే అందరూ ఒకే ప్రశ్నకు జవాబివ్వడం లేదు. నూనె ఎంత చిక్కగా ఉండాలన్నది ఒక ప్రశ్న, 90, 140 అంకెలు చెప్పేది దీన్నే. గేరు పళ్ల మధ్య ఎంత ఒత్తిడిని తట్టుకోవాలన్నది వేరే ప్రశ్న, జీఎల్ అంకె చెప్పేది దీన్ని. ఆ హౌసింగ్‌లో, అంటే డిఫరెన్షియల్ ఉండే ఇనుప డొల్లలో, గేర్లు కాక ఇంకా ఏమేం ఉన్నాయన్నది మూడో ప్రశ్న. ఈ మూడోదాన్ని దాదాపు ఎవరూ అడగరు. తప్పు నూనె వల్ల జరిగే నష్టంలో పెద్ద వాటా మాత్రం అక్కడి నుంచే వస్తుందని నా నమ్మకం. అందుకే మూడింటినీ విడదీసి చూడాలి.

మలుపులో రెండు చక్రాలు ఒకే దూరం నడవవు

ముందు డిఫరెన్షియల్ చేసే పని చూద్దాం. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో ఒక పికప్ మలుపు తిరుగుతోందనుకోండి. లోపలి వైపు వెనక చక్రం 6 మీటర్ల వ్యాసార్ధంతో పావు వంతు చుట్టు తిరిగితే అది నడిచే దూరం దాదాపు 9.4 మీటర్లు. రెండు చక్రాల మధ్య వెడల్పు ఒకటిన్నర మీటరు కాబట్టి బయటి చక్రం 7.5 మీటర్ల వ్యాసార్ధంలో తిరగాలి. అంటే దాదాపు 11.8 మీటర్లు. టైరు చుట్టుకొలత 2 మీటర్లయితే ఆ ఒక్క మలుపులోనే బయటి చక్రం లోపలి దానికంటే ఒక చుట్టు పైచిలుకు ఎక్కువ తిరగాలి. రెండింటినీ ఒకే ఇనుప కడ్డీకి బిగిస్తే ఏదో ఒక టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. ఆ తేడాను సర్దే చిన్న బెవెల్ గేర్ల గుంపే అసలైన డిఫరెన్షియల్.

అయితే షెడ్డులో డిఫరెన్షియల్ అన్నా హౌసింగ్ అన్నా ఇంకో పెద్ద జత కూడా కలిపే లెక్క. గేర్‌బాక్సు నుంచి వెనక్కి బలం తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ చివరన ఉండే చిన్న గేరు పినియన్, అది తిప్పే పెద్ద గేరు క్రౌన్. పినియన్‌కి 10 పళ్లు, క్రౌన్‌కి 41 పళ్లు ఉంటే నిష్పత్తి 4.1. షాఫ్ట్ నాలుగు చుట్లకు పైగా తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. వేగం ఎంత తగ్గుతుందో, తిప్పే బలం అంత పెరుగుతుంది. గేర్ ఆయిల్‌కి అసలు పరీక్ష ఈ పెద్ద జత దగ్గరే.

బొలెరో, పికప్పులు, లారీలు, బస్సుల వంటి వెనక చక్రాలతో నడిచే బండ్లకు ఈ హౌసింగ్ విడిగా ఉంటుంది, దానికి విడిగా నూనె ఉంటుంది. ముందు చక్రాలతో నడిచే స్విఫ్ట్, ఆల్టో వంటి కార్లలో డిఫరెన్షియల్ గేర్‌బాక్సు లోపలే ఉంటుంది. రెండింటికీ నూనె ఒకటే. ఈ తేడా గుర్తుంచుకోవాలి, జీఎల్-4, జీఎల్-5 గొడవంతా ఇక్కడి నుంచే పుడుతుంది.

పినియన్ కిందికి దిగాక నూనె మారింది

మొదటి తరం బండ్లలో పినియన్ సరిగ్గా క్రౌన్ మధ్య గీతకు ఎదురుగా ఉండేది. పళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కువగా దొర్లేవి, రాపిడి తక్కువ. 1920ల మధ్యలో అమెరికాలో ప్యాకార్డ్ కార్లలో హైపాయిడ్ అనే పద్ధతి వచ్చింది. పినియన్‌ని క్రౌన్ మధ్య గీత నుంచి కిందికి దించారు. దాంతో షాఫ్ట్ దిగువకు వచ్చింది, కారు ఫ్లోరు కూడా కిందికి దిగింది. పినియన్ లావెక్కి బలంగా తయారైంది, చప్పుడు తగ్గింది. ఇప్పటి బండ్లలో వెనక హౌసింగులు ఎక్కువ భాగం ఈ రకానివే.

ఈ లాభానికి చెల్లించిన మూల్యం రాపిడి. హైపాయిడ్ పళ్లు దొర్లుతూనే పొడవు వెంబడి ఒకదాని మీద ఒకటి జారతాయి కూడా. బరువు మీద ఉండి జారేటప్పుడు మధ్యలోని నూనె పొర తుడుచుకుపోతుంది. ఉక్కుకు ఉక్కు తగిలిన చోట క్షణంలో విపరీతమైన వేడి పుడుతుంది. ఆ చుక్కంత చోటులో రెండు లోహాలూ అతుక్కుని, మరుక్షణం చిరిగిపోతాయి. అలా చిరిగిన పన్ను మీద గీతలు పడతాయి, ఆ గీతలే పక్క పన్నును కొరుకుతాయి. చివరికి డెబ్బై మీద వెళ్లేటప్పుడు వెనక నుంచి ‘ఊఁ…’ అని సాగే మూలుగు మొదలవుతుంది.

మామూలు మినరల్ ఆయిల్ ఎంత చిక్కగా ఉన్నా దీన్ని ఆపలేదు. అందుకే గంధకం, భాస్వరం ఉన్న రసాయనాలను నూనెలో కలుపుతారు. వీటిని ఈపీ అడిటివ్‌లు అంటారు, అంటే విపరీత ఒత్తిడిని తట్టుకునే రసాయనాలు. ఇవి చల్లగా ఉన్నంతసేపూ ఊరికే ఉంటాయి. పన్ను మీద ఆ చుక్క వేడెక్కగానే అక్కడి ఇనుముతో కలిసి సన్నటి పొర కడతాయి. రాపిడికి ఉక్కు బదులు ఆ పొర అరుగుతుంది, అరిగిన చోట మళ్లీ పొర కడుతుంది. డ్రెయిన్ ప్లగ్గు విప్పినప్పుడు ముక్కు పుటాలు అదిరేలా వచ్చే ఘాటు వాసన ఈ గంధకానిదే. ఆ వాసన కొత్త నూనెలోనూ ఉంటుంది కాబట్టి వాసన చూసి నూనె పాడైందని అనుకోవడానికి లేదు.

డబ్బా మీది 90, 140 అంకెలు ఏం చెబుతాయి

ఎస్ఏఈ అనే అమెరికన్ ఇంజనీర్ల సంస్థ పెట్టిన అంకెలివి. నూనె చిక్కదనం తప్ప ఇంకేమీ చెప్పవు. 100 డిగ్రీల వేడి దగ్గర నూనె ఎంత చిక్కగా ఉందో సెంటీస్టోక్స్ అనే కొలతలో చూస్తారు. 13.5 నుంచి 18.5 లోపు ఉంటే 90. 18.5 నుంచి 24 లోపు ఉంటే 110. 24 నుంచి 32.5 లోపు ఉంటే 140.

ఇందులో మధ్యనున్న 110 కొత్తది, 2005లో చేరింది. అంతకుముందు 90 అనే గదే 13.5 నుంచి 24 దాకా సాగి ఉండేది. అంటే ఆ రోజుల్లో ఒక కంపెనీ 90 పలచగా, ఇంకో కంపెనీ 90 దానికి ఒకటిన్నర రెట్లు చిక్కగా ఉన్నా రెండూ నిబంధన ప్రకారమే. “ఆ కంపెనీ 90 పోస్తే నిలబడుతుంది, ఈ కంపెనీది నిలబడదు” అని పాత మేస్త్రీలు చెప్పే మాటను కొట్టిపారేయకూడదు. వాళ్ల చేతికి తగిలిన తేడా నిజమైనదే.

ఇక ‘డబ్ల్యూ’ ముందుండే అంకె చలి గురించి. 75డబ్ల్యూ మైనస్ 40 డిగ్రీల దగ్గర, 80డబ్ల్యూ మైనస్ 26 దగ్గర, 85డబ్ల్యూ మైనస్ 12 దగ్గర కూడా గడ్డకట్టినట్టు కాకుండా కదలాలి. విజయనగరం, శ్రీకాకుళం మైదానంలో సంక్రాంతి మంచు ఎంత దట్టంగా పడినా ఈ అంకెల దరిదాపులకు పోము. కాబట్టి 80డబ్ల్యూ-90కీ 85డబ్ల్యూ-90కీ మన జిల్లాల్లో తేడా కనబడదు. 75డబ్ల్యూ ఉన్న నూనెను కంపెనీలు చలి కోసం మాత్రమే చెప్పడం లేదు. అవి ఎక్కువగా సింథటిక్ నూనెలు. తెల్లారి చల్లగా ఉన్నప్పుడు తక్కువ చిక్కగా ఉండి డీజిల్ కొంత ఆదా చేస్తాయి.

ఇంజన్ ఆయిల్ అంకెలతో వీటిని పోల్చకూడదు. 90 నంబరు గేర్ ఆయిల్ వేడి మీద చిక్కదనంలో 40 లేదా 50 నంబరు ఇంజన్ ఆయిల్‌కి దాదాపు సమానం. రెండు కొలబద్దలూ వేరు. ‘20డబ్ల్యూ-50 కన్నా 90 రెట్టింపు చిక్కన’ అన్న లెక్క పొరపాటు.

సాలూరు ఘాటీలో 140 వాదానికి ఎంత బలం ఉంది

వాదన వేడెక్కేది ఇక్కడే. సాలూరు లారీల ఊరు. అక్కడి నుంచి కొరాపుట్ వైపు వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి సుంకి దగ్గర ఘాటీ ఎక్కుతుంది. సాలూరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లినా, పాత విజయనగరం జిల్లా లారీ మేస్త్రీల అనుభవమంతా ఈ రోడ్డు మీద పుట్టిందే. 140 వైపు వాళ్లు మొగ్గడానికి కారణం ఉంది.

ఒక లెక్క వేద్దాం. ఇంజను 200 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలం ఇస్తుందనుకుందాం. టాప్ గేరులో నిష్పత్తి 1 అయితే పినియన్ మీదికి అదే 200 వస్తుంది. 16వ నంబరు రహదారి మీద గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళుతుంటే, టైరు చుట్టుకొలత 2 మీటర్లు కాబట్టి చక్రం నిమిషానికి సుమారు 417 చుట్లు, పినియన్ సుమారు 1,700 చుట్లు తిరుగుతాయి. అదే బండి ఘాటీలో ఫస్ట్ గేరులో పడిందనుకోండి. గేరు నిష్పత్తి 4 అయితే పినియన్ మీదికి 800 వస్తుంది. ఇంజను వేగం అంతే ఉంటే పినియన్ వేగం 425కి పడిపోతుంది. బలం నాలుగింతలు, వేగం పావు.

నూనె పొర ఎలా పుడుతుందో తెలిస్తే ఇది ఎంత కష్టమో అర్థమవుతుంది. పళ్లు వేగంగా కదిలితే తమ మధ్యకి నూనెను లాక్కుంటాయి, పొర మందంగా ఉంటుంది. నిదానంగా కదిలితే పొర పలచబడుతుంది. ఘాటీలో బరువు పెరిగి వేగం తగ్గడంతో పొర రెండు వైపుల నుంచీ దెబ్బ తింటుంది. ఇలాంటప్పుడు చిక్కటి నూనె కొంచెం మందం పొరను నిలబెడుతుంది. అరిగిన పాత హౌసింగ్‌లో మూలుగు కూడా 140 పోస్తే కొంత అణుగుతుంది. మేస్త్రి మాటకు ఆధారం ఇదే, దాన్ని మూఢనమ్మకం అనలేం.

రెండో పక్షం వాదన కూడా అంతే బరువైనది. ఘాటీ ఎక్కేది గంటో గంటన్నరో. మిగిలిన దారంతా చదునే. చదును మీద క్రౌన్ నిమిషానికి వందల చుట్లు తిరుగుతూ ఆ చిక్కటి నూనెను చిలుకుతూనే ఉంటుంది. చిలకడానికి పోయే శక్తి వేడిగా మారుతుంది, ఆ వేడికి డబ్బు కట్టేది డీజిల్ ట్యాంకు. సాధారణంగా దొరికే 85డబ్ల్యూ-140 నూనె 40 డిగ్రీల దగ్గర 80డబ్ల్యూ-90 కన్నా రెట్టింపు పైనే చిక్కగా ఉంటుంది. పొద్దున్నే బండి తీసిన మొదటి కిలోమీటర్లలో ఆ చిక్కటి నూనె పినియన్ ముందు బేరింగ్ దాకా చేరడం ఆలస్యమవుతుంది. క్రౌన్ పైకి చిమ్మిన నూనె సన్నటి దారుల గుండా ఆ బేరింగ్‌కి అందాలి. ఆ దారులు ఏ చిక్కదనానికి కొలిచి పెట్టారో మాన్యువల్‌లోని అంకె చెబుతుంది.

నా దృష్టిలో అసలు తేడా ఇంకో చోట ఉంది. పొర తెగిపోయేంత బరువు పడ్డ క్షణంలో పన్నును కాపాడేది చిక్కదనం కాదు, ఆ గంధకం పొర. మజ్జిగ చిక్కగా ఉన్నంత మాత్రాన పుల్లగా ఉండాలని లేదు. చిక్కదనం వేరు, పులుపు వేరు. అలాగే 140 అయినంత మాత్రాన నూనెకు ఒత్తిడి తట్టుకునే శక్తి రాదు. ఈపీ రసాయనాలు తక్కువున్న లూజు 140 కన్నా, సరైన జీఎల్-5 ఉన్న 90 ఘాటీలో పన్నును బాగా కాపాడుతుంది. కంపెనీ భారీ లోడుకు 140 వాడొచ్చని తానే రాసిన బండ్లూ ఉన్నాయి. అలాంటి చోట వాదనే లేదు. మాన్యువల్ 90 మాత్రమే చెప్పిన కొత్త బండిలో 140 పోయడమే ఆలోచించాల్సిన సంగతి.

జీఎల్-4, జీఎల్-5: అంకె పెద్దదైతే మెరుగైనదా?

ఏపీఐ అంటే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్. వాళ్లు ఇచ్చే జీఎల్ అంకె చిక్కదనాన్ని చెప్పదు, నూనె ఏ పనికి తగినదో చెబుతుంది. జీఎల్-1 అంటే ఈపీ రసాయనాలు లేని నూనె. జీఎల్-2, 3, 6 ఇప్పుడు వాడుకలో లేవు. మిగిలిన రెండింటి మధ్యే మన బజారులో గందరగోళం. జీఎల్-4 మధ్యస్థ ఒత్తిడికి తగినది. జీఎల్-5 హైపాయిడ్ గేర్లలో అతివేగం, హఠాత్తుగా పడే కుదుపు బరువు కూడా తట్టుకోవాలి. మోటుగా చెప్పాలంటే జీఎల్-4లో ఈపీ మోతాదు జీఎల్-5లో ఉన్నదానికి సుమారు సగం.

ఇంజన్ ఆయిల్‌లో కొత్త గ్రేడు చాలాసార్లు పాత గ్రేడు చోట వాడుకోవచ్చు. ఆ అలవాటుతో ‘5 అంటే 4ని మించినది కదా’ అనుకుంటారు. గేర్ ఆయిల్‌లో ఆ మెట్ల లెక్క చెల్లదు. మాన్యువల్ గేర్‌బాక్సులో గేరు మార్చేటప్పుడు వేగాలను కలిపే సింక్రోనైజర్ రింగులు ఉంటాయి. చాలా బండ్లలో అవి ఇత్తడితోనో, కంచు జాతి లోహంతోనో చేస్తారు. ఇనుముతో చురుగ్గా కలిసే గంధకం రాగి ఉన్న లోహాలతోనూ కలుస్తుంది. ఏళ్ల తరబడి అలా జరిగితే రింగు నల్లబడుతుంది, గంధకం దాన్ని కొద్దికొద్దిగా తింటుంది. దీనికి తోడు సింక్రో రింగు పనిచేయాలంటే కాస్త పట్టు ఉండాలి. నూనె మరీ జారుడుగా ఉంటే రింగు జారి, సెకండ్ గేరు వేసినప్పుడు ‘కర్ర్’మంటుంది.

దీనికి ఎదురు వాదన ఉంది, వినాల్సిందే. జీఎల్-5 ప్రమాణంలో రాగి పట్టీ పరీక్ష ఉంటుంది. మెరుగుపెట్టిన రాగి ముక్కను 121 డిగ్రీల నూనెలో 3 గంటలు ఉంచి ఎంత నల్లబడిందో చూస్తారు. ఇప్పటి జీఎల్-5 నూనెల్లో రాగిని కాపాడే రసాయనాలు కూడా కలుపుతున్నారు కాబట్టి పాత భయం అక్కర్లేదని కొందరు ఇంజనీర్ల మాట. నిజమే, ఈ నూనెలు పాతవాటికన్నా చాలా మెరుగు. కానీ 3 గంటల పరీక్ష నెగ్గడం ఒకటి, లక్ష కిలోమీటర్లు రింగుని కాపాడడం ఇంకొకటి. పైగా జారుడు సంగతి రాగి పట్టీ చెప్పదు. ‘జీఎల్-4, జీఎల్-5 రెండూ’ అని డబ్బా మీద రాసి అమ్మే నూనెలు ఈ మధ్యస్థానాన్ని పట్టుకోవాలని తయారుచేసినవి. వాటిని బండి కంపెనీ ఒప్పుకుందా లేదా అన్నది మాన్యువల్‌ని బట్టే.

తిరగేసి చేసే పొరపాటు ఇంకా ఖరీదైనది. గేర్‌బాక్సులో పోయగా మిగిలిన జీఎల్-4 డబ్బాను హైపాయిడ్ హౌసింగ్‌లో ఒంపేస్తే ఈపీ మోతాదు సగమే చేరుతుంది. గేర్‌బాక్సు రింగు నెలల మీద నెమ్మదిగా అరుగుతుంది. లోడుతో ఘాటీ ఎక్కే క్రౌన్ అంతకాలం ఆగదు.

హౌసింగ్ లోపల గేర్లే కాకుండా ఇంకేమైనా ఉంటే

ఎవరూ అడగని మూడో ప్రశ్న ఇదే. ఒక చక్రం బురదలో ఊరికే తిరుగుతుంటే రెండోదానికి బలం అందించే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ కొన్ని బండ్లలో ఉంటుంది. మహీంద్రా థార్ వంటి వాటిలో కొన్ని మోడళ్లకు మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ వస్తుంది. వీటి లోపల క్లచ్ ప్లేట్లు ఉంటాయి. అవి నూనెలో మునిగి ఉండి కూడా ఒకదాన్నొకటి పట్టుకోవాలి, వదలాలి. మామూలు జీఎల్-5లో ఈ పట్టు విడుపులు సాఫీగా జరగక, నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు వెనక ‘టక టక’మని కుదుపు వస్తుంది. దాన్ని సరిచేసే ఫ్రిక్షన్ మాడిఫయర్ కలిసిన నూనె వేరే ఉంటుంది. ఆ మాడిఫయర్ ఎక్కువైతే ప్లేట్లు పట్టుకోవు, లాకు పనికిరాకుండా పోతుంది.

ట్రాక్టరు సంగతి మరీ ముఖ్యం. మన రెండు జిల్లాల్లో వరి దమ్ముకి వాడే చాలా ట్రాక్టర్లలో గేర్‌బాక్సు, వెనక డిఫరెన్షియల్, హైడ్రాలిక్ లిఫ్టు ఒకే నూనెను పంచుకుంటాయి. నూనెలో మునిగి ఉండే బ్రేకులున్న మోడళ్లలో బ్రేకు ప్లేట్లు కూడా ఆ నూనెలోనే ఉంటాయి. అంటే ఒకే నూనె గేరు పళ్లను జారనివ్వాలి, బ్రేకు ప్లేట్లను మాత్రం పట్టనివ్వాలి, పంపు గుండా సులువుగా పారాలి. దీని కోసమే యూటీటీఓ అనే రకం ఉంది. షాపుల్లో వెట్ బ్రేక్ ఆయిల్ అని అడిగినా ఇస్తారు. ‘హౌసింగే కదా’ అని అందులో 140 నంబరు జీఎల్-5 పోస్తే గేర్లకు వచ్చే నష్టం కనబడకపోవచ్చు. లిఫ్టు బద్ధకిస్తుంది, బ్రేకు నొక్కితే గరగరమంటుంది, లేదా పట్టు తప్పుతుంది. ధాన్యం బస్తాల ట్రాలీ వెనక ఉండగా కాలువ గట్టు దిగుతున్నప్పుడు బ్రేకు అలా అయితే జరిగేది నూనె ఖర్చుతో పోల్చే నష్టం కాదు. పొడి బ్రేకులున్న పాత ట్రాక్టర్లకు ఈ బ్రేకు చిక్కు లేదు. ఒకే ఊళ్లో, ఒకే కంపెనీవి రెండు ట్రాక్టర్లకు రెండు రకాల నూనె కావాల్సి రావడానికి కారణం ఇదే.

ముందు చక్రాల కార్ల సంగతి పైన చెప్పిందే. డిఫరెన్షియల్, సింక్రో రింగులు ఒకే నూనెలో ఉంటాయి కాబట్టి అక్కడ సాధారణంగా జీఎల్-4 చెబుతారు. మోటారు రాగి తీగలను కూడా అదే నూనెతో చల్లబరిచే కొన్ని ఎలక్ట్రిక్ బండ్లకు పూర్తిగా వేరే నూనె ఉంటుంది.

సింథటిక్ ఖరీదుకి తగ్గ లాభం ఎవరికి

సింథటిక్ నూనె వేడికి తక్కువ పలచబడుతుంది, తక్కువ ముదురుతుంది. ఎక్కువ కిలోమీటర్లు ఉంచొచ్చని కంపెనీ రాస్తే, రోజూ హైవే మీద తిరిగే బండికి లెక్క కలిసొస్తుంది. పలాస జీడిపప్పు లోడుతో నెలంతా దూరాలు తిరిగే లారీకీ, నరసన్నపేట సంతకి వారానికోసారి వెళ్లే వ్యానుకీ జవాబు ఒకటి కాదు. రెండో బండికి మంచి మినరల్ నూనె సమయానికి మార్చితే చాలు. మాన్యువల్ సింథటిక్‌కే ఒప్పుకుంటే మాత్రం ఈ ఎంపిక లేదు.

డ్రెయిన్ ప్లగ్గు చివర అయస్కాంతం ఉంటే అది చాలా సంగతులు చెబుతుంది. అనుభవమున్న మేస్త్రి దానికి అంటుకున్న నల్లటి ముద్దను వేళ్ల మధ్య రుద్ది చూస్తాడు. కాటుకలా మెత్తగా జారితే అది మామూలు అరుగుదల. వేలికి గుచ్చుకునే రవ్వలు, మెరిసే పెచ్చులు తగిలితే లోపల పన్నో, బేరింగో విరగడం మొదలైందని అర్థం. ఆ దశలో ఏ నంబరు నూనె పోసినా చప్పుడు కొన్నాళ్లు అణుగుతుందే గాని విరిగినది అతుక్కోదు.

లూజుగా అమ్మే నూనెతో చిక్కు ధరది కాదు. డబ్బా మీద ఎస్ఏఈ, జీఎల్ అంకెలు రెండూ ఉంటాయి, బ్యాచ్ నంబరు ఉంటుంది. డ్రమ్ములోంచి ఒంపిన నూనె చిక్కదనం చేతికి తెలుస్తుంది. దానిలో ఈపీ రసాయనం ఉందో లేదో ఏ చేతికీ తెలియదు.

వరద నీరు, బ్రీదరు, పాలరంగు నూనె

నాగావళి, వంశధారల మధ్య బతికే మనకు ఇంకో చిక్కు ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఎన్నో బండ్లు ఇరుసుల దాకా నీళ్లలో నిలిచాయి. ఇంజనులోకి నీరు పోయిందా అని అందరూ చూస్తారు. హౌసింగ్ సంగతి చాలామందికి గుర్తు రాదు.

హౌసింగ్ మీద బ్రీదరు అనే చిన్న గొట్టమో, మూతో ఉంటుంది. లోపలి గాలి వేడికి వ్యాకోచిస్తే బయటికి వదలడం, చల్లబడితే లోపలికి రానివ్వడం దాని పని. నూనె పోగా లోపల 5 లీటర్ల గాలి ఉందనుకుందాం. దూరం నడిచి 80 డిగ్రీలకు చేరిన హౌసింగ్, రోడ్డు మీద పారే వాగులోకి దిగి 30 డిగ్రీలకు చల్లబడితే ఆ గాలి దాదాపు 4.3 లీటర్లకు కుంచించుకుపోతుంది. మిగిలిన 0.7 లీటరు ఖాళీ నింపడానికి బయటి నుంచి ఏదో ఒకటి లోపలికి రావాలి. బ్రీదరు నీటి పైన ఉంటే గాలి వస్తుంది. అది మునిగినా, మట్టితో పూడుకుపోయినా సీలు అంచుల నుంచో, బ్రీదరు నుంచో నీరే వస్తుంది. అదే పూడిక వేసవిలో ఇంకోలా బాధిస్తుంది. వేడికి పెరిగిన గాలి పోయే దారి లేక ఆయిల్ సీలును తోసుకుని నూనెను బ్రేకు డ్రమ్ములోకి నెడుతుంది. నూనె పోసే రంధ్రం అంచుకు మించి నింపినా ఇలాగే జరుగుతుంది. ఎక్కువ పోస్తే ఎక్కువ రక్షణ అన్నది హౌసింగ్‌లో పనిచేయదు.

నీరు కలిసిన గేర్ ఆయిల్ పాలు పోసిన టీ రంగులోకి మారుతుంది. నీరు నూనె పొరను చీల్చడమే కాదు, గంధకం, భాస్వరం రసాయనాలతో కలిసి ఆమ్ల గుణమున్న పదార్థాలు పుట్టడానికి దారి తీస్తుంది. నిలిచి ఉన్న బండిలో బేరింగ్ రోలర్ల మీద తుప్పు చుక్కలు పడతాయి. వరద తగ్గాక బండి బాగానే నడుస్తుంది. మూలుగు ఆ తర్వాత వారాల్లో మొదలవుతుంది కాబట్టి, దానికీ వరదకీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

అలా మునిగిన బండికి 90 పోయాలా, 140 పోయాలా అన్న చర్చకు ముందు లోపలున్నది పూర్తిగా దిగాలి. ఒక్కసారి మార్చితే నీరంతా పోదు. యాక్సిల్ గొట్టాల చివర్లలో, బేరింగ్ సందుల్లో కొంత మిగిలే ఉంటుంది. అందుకే తెలిసిన షెడ్లలో కంపెనీ చెప్పిన గ్రేడే పోసి, కొంత దూరం నడిపి, వేడి మీదే దింపి, మళ్లీ కొత్తది పోస్తారు. రెండో దఫా దిగిన నూనె రంగు చూశాకే బేరింగులు విప్పాలో వద్దో తేలుస్తారు.